మానవత్వం ఇంకా బతికే ఉందట!

బండి ఆగిపోయి రోడ్డు పక్కన నిలబడిన మనిషి కోసం ఎవరో ఆగారు. దారిలో పడిపోయిన పర్సును ఎవరో వెతుక్కుంటూ వచ్చి ఇచ్చి వెళ్లారు. రైల్లో కళ్లు తిరిగి పడిపోతే, ముక్కూ మొహం తెలియని మనిషి తను దిగాల్సిన స్టేషన్ వదిలేసుకుని తోడుగా కూర్చున్నాడు. ఇలాంటి సంగతి ఎవరు చెప్పినా చివర్లో ఒక ముక్క తగిలిస్తారు: “మానవత్వం ఇంకా బతికే ఉంది.” విన్నవాళ్లు అవునవునని తలూపుతారు. నాకు మాత్రం ఆ మాట వింటే చిరాకు. పొగడ్తలాగే వినిపిస్తుంది గానీ, అందులో ఒక చావు కబురు కూడా దాగుంది. సాయం చేసిన ఒక్కరినీ నెత్తిన పెట్టుకుని, మిగతా లోకాన్నంతా ఆ ఒక్క వాక్యంతో పాతిపెట్టేస్తాం.

ఇదంతా నా చాదస్తమే అయితే ఇంత రాయక్కర్లేదు. ఆ అలవాటు వల్ల జరిగే నష్టం ఒకటి నాకు కనిపిస్తోంది. అపరిచితులు చేసే సాయాన్ని అద్భుతంగా చెప్పుకుంటూ పోతే, మనకి కష్టం వచ్చినప్పుడు పక్కవాళ్లను అడగాలని తోచదు. అద్భుతాల్ని ఎవరూ అడగరు కదా, జరిగితే దండం పెడతారు, జరక్కపోతే లోకాన్ని తిట్టుకుంటారు. లోకంలో సాయం చేసేవాళ్లకు కొరత ఉందని నేననుకోవడం లేదు. అడిగేవాళ్లకే కొరత. అడగకుండా నిలబడినవాళ్ల అవసరం ఎవరికీ కనపడదు. కనపడని దానికి ఎవరూ రారు. రాకపోయేసరికి “చూశావా, మనుషులిలా తయారయ్యారు” అనుకుంటాం.

నాకు జరిగిన రెండు చిన్న సంఘటనలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాక ఈ అభిప్రాయం గట్టిపడింది. రెండూ ప్రాణం మీదకి వచ్చినవేమీ కావు. ఆ సమయానికి మాత్రం కాళ్లూ చేతులూ ఆడలేదు.

మొదటిది తాళంచెవుల గొడవ. జోరుగా వాన. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో బ్యాగు, చిటికెన వేలికి తాళాల గుత్తి. కారు తలుపు తీయబోతుంటే గుత్తి జారింది. సరిగ్గా రోడ్డు వారగా ఉన్న మురుగు కాలువ జాలీ సందులోంచి లోపలికి పోయింది. కారు తాళం, ఇంటి తాళం, బీరువా తాళం, అన్నీ అందులోనే. వంగి చూస్తే లోపల మట్టి మేట మీద చిక్కుకుని కనిపిస్తోంది, చెయ్యి మాత్రం మణికట్టు దాటి దూరదు. నీళ్లు పెరుగుతున్నాయి. నేను రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చుని జాలీ పట్టుకుని లాగుతున్నాను, అది కదలట్లేదు.

నేనెవరినీ పిలవలేదు. ముందు ఒక పెద్దాయన వచ్చారు. ఆయన తన గొడుగు తెచ్చి నా మీద పట్టకుండా జాలీ మీద పట్టారు. నాకు ముందు అర్థం కాలేదు. చినుకులు పడుతుంటే లోపల నీళ్లు కదిలి గుత్తి కనపడట్లేదనీ, మీరెలాగూ తడిసిపోయారు కదమ్మా అనీ అన్నారాయన. ఆ తర్వాత పార్సిళ్లు పంచే కుర్రాడు బండి ఆపి, ఫోన్‌లో లైటు వేసి పట్టుకున్నాడు. ఎదుటి భవనం వాచ్‌మన్ బట్టల హ్యాంగరు ఒకటి తెచ్చి తీగని సాగదీయడం మొదలుపెట్టాడు. అక్కడికి దగ్గర్లోనే బండి బాగుచేస్తున్న మెకానిక్ పాత స్పీకరు అయస్కాంతానికి పురికొస కట్టి పట్టుకొచ్చాడు. తాళాలు ఇత్తడివి, వాటికి అయస్కాంతం అతుక్కోదు, రింగు ఇనపది కాబట్టి దానికి అతుక్కుంటుందని ఆయన లెక్క. లెక్క సరైనదే. కానీ జాలీ కూడా ఇనపదే కదా. అయస్కాంతం కిందకి దించిన ప్రతిసారీ దార్లోనే జాలీకి టక్కున అతుక్కుపోయేది. దాన్ని ఊడదీయడం ఒక పని. మధ్యలో ఇంకొకాయన, చేతులు జేబుల్లోంచి తీయకుండా, “అలా కాదు, ఎడమకి, ఇంకొంచెం ఎడమకి” అని దర్శకత్వం వహిస్తూనే ఉన్నారు. ఆయన్ని కూడా సాయం చేసినవాళ్ల జాబితాలోనే వేశాను. ఎందుకంటే చివరికి గుత్తి నిజంగానే ఎడమ వైపు నుంచే తీగ కొక్కేనికి తగిలింది.

పైకొచ్చిన గుత్తిని వాచ్‌మన్ తన కండువాతో తుడిచి మరీ ఇచ్చాడు. నేను ఆయనకి థాంక్స్ చెప్పి తల తిప్పేలోగా పార్సిల్ కుర్రాడు వెళ్లిపోయాడు. “లేటైందక్కా” అన్న మాట మాత్రం వినిపించింది. మెకానిక్‌కి ఏమైనా ఇవ్వబోతే, అయస్కాంతం పని చెయ్యలేదు కదండీ అని నవ్వేశాడు.

రెండోది ఇంతకంటే చిన్నది. ఊరు కాని ఊరు, రాత్రి వేళ బస్‌స్టేషన్‌లో దిగాను. ఫోన్ ఛార్జింగ్ అయిపోయి ఆగిపోయింది. నేను వెళ్లాల్సిన ఇంటి అడ్రస్ అందులో ఉంది, ఆ ఇంటివాళ్ల నంబరు అందులోనే ఉంది, డబ్బు కట్టే యాప్ కూడా అందులోనే ఉంది. చుట్టూ బోలెడు జనం. నేను ఒక స్తంభానికి ఆనుకుని, ఆరిపోయిన ఫోన్ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఒక్కరూ రాలేదు. నాలాగే స్తంభాలకి ఆనుకుని ఫోన్ పట్టుకుని నిలబడ్డవాళ్లు అక్కడ ఇంకా బోలెడంత మంది ఉన్నారు మరి. వాళ్లలో ఎవరి ఫోన్ వెలుగుతోందో, ఎవరిది ఆరిపోయిందో ఎవరు చూస్తారు?

వానలో జాలీ ముందు మోకాళ్ల మీద కూర్చున్న మనిషికి ఏదో అయిందని దారిన పోయేవాళ్లకి ఒక్క చూపులో తెలిసిపోయింది. ఇక్కడ నా టెన్షన్ మొత్తం నా కడుపులోనే ఉంది. రెండు చోట్లా మనుషులు అలాంటివాళ్లే. ఆ స్తంభం దగ్గర నిలబడి, ఈ ఊరి జనం ఎలాంటి జనమని నేననుకుని ఉంటే అదెంత అన్యాయం!

జనం పట్టించుకోరన్న నమ్మకానికి పెద్ద చరిత్రే ఉంది. 1964 మార్చిలో న్యూయార్క్‌లో కిటీ జెనోవీస్ అనే యువతిని ఆమె ఉంటున్న భవనం దగ్గరే చంపేశారు. 38 మంది ఇరుగుపొరుగువాళ్లు చూస్తూ ఊరుకున్నారని న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఆ కథ ప్రపంచమంతా పాకింది, కొన్ని దశాబ్దాల పాటు సైకాలజీ పాఠ్యపుస్తకాల్లో నిలిచిపోయింది. తర్వాత పరిశోధకులు తవ్వి చూస్తే, అంతమంది చూస్తూ కూర్చున్నారనడానికి ఆధారాలు దొరకలేదు. పైగా ఒక పొరుగావిడ కిందకి పరుగెత్తుకొచ్చి, ప్రాణం పోతున్న ఆమెను చేతుల్లోకి తీసుకుందని తేలింది. 2016లో ఆ హంతకుడు చనిపోయినప్పుడు, అప్పటి తమ కథనంలో లోపాలున్నాయని ఆ పత్రికే రాసుకుంది. కానీ 38 మంది కథ వెళ్లినంత దూరం పొరుగావిడ కథ వెళ్లలేదు. చెడ్డ కబురుకి కాళ్లెక్కువ.

ఆ ఘటన తర్వాత జాన్ డార్లీ, బిబ్ లటానే అనే ఇద్దరు సైకాలజిస్టులు చేసిన ఒక ప్రయోగం 1968లో ప్రచురితమైంది. వేర్వేరు గదుల్లో కూర్చుని మైకులో మాట్లాడుకుంటున్న విద్యార్థుల్లో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు వినిపిస్తుంది. వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది ఆ మూర్ఛ ముగిసేలోగానే సాయం కోసం లేచారు. ఇంకొకరు కూడా వింటున్నారనుకున్నప్పుడు 62 శాతం. ఇంకో నలుగురు వింటున్నారనుకుంటే 31 శాతం మాత్రమే. గుంపు పెరిగితే సాయం తగ్గుతుందన్న సిద్ధాంతం ఇక్కడి నుంచే వచ్చింది. నేను దీన్ని కొట్టిపారేయట్లేదు. బస్‌స్టేషన్‌లో నా పరిస్థితి అచ్చం ఇదే. కాకపోతే వాళ్లే ఇంకో విషయం కూడా చెప్పారు, దాన్ని మాత్రం మనం సౌకర్యంగా మర్చిపోతాం. మనిషి సాయానికి కదలాలంటే ముందు గమనించాలి, అది సాయం అవసరమైన పరిస్థితేనని అర్థం కావాలి, ఆ పని తన మీదే ఉందనిపించాలి, ఏం చెయ్యాలో తెలియాలి, అప్పుడు గానీ అడుగు పడదు. ఇన్ని మెట్లలో దుర్మార్గం అనే మెట్టు ఎక్కడా లేదు.

పైగా ఆ గదుల్లో ఒకరికొకరు కనపడరు. వీధిలో అలా ఉండదు. ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్, నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరాల సీసీ కెమెరాల్లో రికార్డయిన 219 వీధి గొడవల్ని కొందరు పరిశోధకులు ఫ్రేము ఫ్రేముగా చూశారు. 2019లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం పదింట తొమ్మిది గొడవల్లో చుట్టూ ఉన్నవాళ్లలో కనీసం ఒకరు కల్పించుకున్నారు. చుట్టూ జనం ఎంత ఎక్కువ ఉంటే ఎవరో ఒకరు ముందుకొచ్చే అవకాశం అంత పెరిగింది. గొడవల్లోకి దిగడానికే జనం వెనకాడనప్పుడు, జాలీ మీద గొడుగు పట్టడానికి వెనకాడతారా?

తిరిగి నా స్తంభం దగ్గరకి వస్తాను. అక్కడ నాకు అడ్డొచ్చింది జనం కాదు, నా నోరు. ఒక్కసారి ఫోన్ ఇస్తారా అనడానికి నోరు పెగల్లేదు. అడగందే అమ్మైనా పెట్టదని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. అయినా అమ్మను అడిగినంత సులువుగా పరాయివాళ్లను అడగలేం. ఎందుకింత మొహమాటమో మామూలు మాటల్లో చెప్పడం కష్టం. దీని మీద నాకు బాగా నచ్చిన సంగతి స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే అమెరికన్ సైకాలజిస్టుది. 1970ల మొదట్లో ఆయన తన విద్యార్థుల్ని న్యూయార్క్ మెట్రో రైళ్లలోకి పంపి, కూర్చున్నవాళ్లను ఏ కారణమూ చెప్పకుండా “మీ సీటు నాకిస్తారా?” అని అడగమన్నారు. అడిగిన సందర్భాల్లో 68 శాతం వరకూ జనం లేచి సీటిచ్చారు, లేదా జరిగి చోటిచ్చారు. అసలు విశేషం అది కాదు. అడగాల్సినవాళ్లు అల్లాడిపోయారు. ఇంత సులువైన పనికి ఎందుకింత గోల అనుకుని మిల్‌గ్రామ్ స్వయంగా బయల్దేరారు. తీరా మనిషి ముందు నిలబడ్డాక మాట గొంతులోనే ఇరుక్కుపోయిందట. ఎలాగో అడిగేసి సీటు సంపాదించాక, అడిగినందుకు న్యాయం చెయ్యాలన్నట్టు నిజంగా జబ్బుపడినవాడిలా తల వాల్చేసుకున్నారట! పేరుమోసిన సైకాలజిస్టు పరిస్థితే ఇలా ఉంటే, ఆరిపోయిన ఫోన్ పట్టుకున్న నేనెంత?

ఆ ప్రయోగంలోనే ఇంకో చిత్రం ఉంది. నిలబడి పుస్తకం చదువుకోలేకపోతున్నాను, సీటివ్వండి అని కారణం చెప్పి అడిగినప్పుడు ఇచ్చేవాళ్లు 42 శాతానికి పడిపోయారు. ఏ కారణమూ చెప్పకుండా అడిగితే పాపం ఏదో పెద్ద ఇబ్బందే అయ్యుంటుందని జనమే అనుకుని ఉంటారు. ఆ ఖాళీని మంచిగా ఊహించి నింపుకున్నారన్నమాట.

నేను అడగడానికి ఎంచుకున్నది పక్క బెంచీ మీద కూర్చున్న ఒకావిడని. నాకంటే పెద్దావిడ. “ఏవండీ, నా ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది, ఒక్క కాల్...” అని మొదలుపెట్టి, ఎక్కడి నుంచి వచ్చానో ఎక్కడికి వెళ్లాలో మొత్తం చెప్పబోతున్నాను. ఆవిడ అప్పటికే ఫోన్ లాక్ తీసి నా చేతిలో పెట్టేశారు. ఇక్కడొక తమాషా జరిగింది. నాకు నోటికొచ్చిన నంబరు ఒక్కటే, అమ్మది. అమ్మ తెలియని నంబర్లు ఎత్తదు. ఎత్తొద్దని చెప్పింది కూడా నేనే. రెండుసార్లు మోగి ఆగిపోయాక ఆవిడే, “పేరు రాసి మెసేజ్ పెట్టమ్మా, చూసుకుంటారు” అన్నారు. అలాగే అమ్మ చూసుకుని, నేను వెళ్లాల్సిన ఇంటికి కబురు చేసింది, వాళ్లు వచ్చి నన్ను తీసుకెళ్లారు. ఆవిడ బస్సు ఎప్పుడో తెలియదు గానీ, వాళ్లు వచ్చేదాకా నా పక్కనే ఉన్నారు. మర్నాడు అమ్మ ఆ నంబరుకి ఫోన్ చేసి ఆవిడతో అరగంట మాట్లాడిందట. ఏం మాట్లాడుకున్నారంటే ఇద్దరి మోకాళ్ల నొప్పుల గురించిట.

ఫోన్ అడగడం మీద కూడా ఒక అధ్యయనం ఉంది. కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు ఫ్లిన్, లేక్ 2008లో దాన్ని ప్రచురించారు. మూడుసార్లు ఫోన్ దొరకాలంటే ఎంతమంది అపరిచితుల్ని అడగాల్సి వస్తుందో ముందుగా అంచనా వేయమంటే, సగటున పది మంది అన్నారు. నిజంగా వెళ్లి అడిగితే ఆరుగురితో పనైపోయింది. వేరే రకం సాయాలు అడిగినా ఇదే వరస. మన అంచనా ఎప్పుడూ మనుషుల్ని తక్కువ చేసి చూస్తుంది. ఆ పరిశోధకులు చెప్పిన కారణం నాకు సబబుగానే తోస్తుంది. అడిగేవాడు అవతలి మనిషికయ్యే ఖర్చు గురించే ఆలోచిస్తాడు. అవతలి మనిషికి మాత్రం, మొహం మీద కాదని చెప్పడమే పెద్ద ఖర్చు.

అయితే జనం మొహమాటానికే ఇస్తున్నారా అని అడగొచ్చు. కొంత నిజమే కావచ్చు. కానీ షువాన్ జావో, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2022లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి ఇలా ఉంది: ఒక ఉద్యానవనానికి వచ్చినవాళ్లు, అక్కడున్న కొత్తవాళ్లను ఫోటో తీసిపెట్టమని అడగాలి. అడిగేవాళ్లు అవతలివాళ్లకి విసుగొస్తుందనుకున్నారు. తీసినవాళ్లకేమో విసుగు కంటే సంతోషమే ఎక్కువగా ఉంది, అడిగినవాళ్లు అనుకున్నదానికంటే ఎక్కువగా. నాకీ విషయంలో ప్రయోగం అక్కర్లేదు. ఆ మెకానిక్ అయస్కాంతం తీసుకుని ఎంత ఉత్సాహంగా వచ్చాడో చూశాను. ఎప్పటినుంచో మూలన పడేసిన వస్తువుకి ఒక పని దొరికిందన్న ఆనందం అది.

డబ్బు విషయంలో కూడా మన అంచనాలు ఇంతే. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో 40 దేశాల్లోని 355 నగరాల్లో, పోయిన పర్సులంటూ 17,303 పర్సుల్ని హోటళ్లు, బ్యాంకులు, పోస్టాఫీసుల్లాంటి చోట్ల కౌంటర్లలో ఇచ్చి వెళ్లారు. డబ్బు లేని పర్సుల విషయంలో 40 శాతం మంది యజమానికి కబురు పెట్టారు. కొంచెం డబ్బున్న పర్సుల విషయంలో అది 51 శాతానికి పెరిగింది. మూడు దేశాల్లో ఇంకా పెద్ద మొత్తం పెట్టి చూస్తే 72 శాతానికి ఎక్కింది. డబ్బు పెరిగితే నిజాయితీ తగ్గుతుందనే మామూలు జనం అనుకున్నారు, ముందుగా అడిగిన ఆర్థికవేత్తలు కూడా ఈ ఫలితాన్ని ఊహించలేకపోయారు. నాకు ఇందులో ఇంకో చిన్న వివరం మీద మమకారం. తాళంచెవి పెట్టిన పర్సులు, అది లేనివాటి కంటే ఎక్కువగా తిరిగొచ్చాయట. డబ్బయితే ఎవరికైనా పనికొస్తుంది, తాళంచెవి మాత్రం పోగొట్టుకున్న మనిషికే పనికొస్తుంది. ఆ మనిషి గుమ్మం ముందు నిలబడి పడే అవస్థ ఎవరికైనా కళ్లముందు కడుతుంది.

మరి పట్టించుకోకుండా పోయేవాళ్లు లేరా? ఉన్నారు. వాళ్ల మీద నాకు కోపం తగ్గింది. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కాబోయే విద్యార్థుల మీద చేసిన ఒక ప్రయోగం 1973లో ప్రచురితమైంది. ఉపన్యాసం ఇవ్వడానికి వేరే భవనానికి వెళ్తుంటే, దారిలో ఒక మనిషి గుమ్మంలో కూలబడి మూలుగుతూ కనపడతాడు. తీరిగ్గా వెళ్తున్నవాళ్లలో 63 శాతం మంది ఆగారు. ఆలస్యమైపోయింది పరుగెత్తమని చెప్పినవాళ్లలో 10 శాతమే ఆగారు. ఆ విద్యార్థుల్లో సగం మంది ఇవ్వబోయే ఉపన్యాసం, దారిలో పడి ఉన్న మనిషిని ఆదుకున్న బాటసారి గురించే! మనిషి ఎంత మంచివాడన్న దానికంటే ఎంత తొందరలో ఉన్నాడన్నదే ఎక్కువ తేడా తెచ్చింది. దీన్ని బట్టి మా పార్సిల్ కుర్రాడు అస్సలు ఆగకూడదు, నిమిషాల లెక్కన బతికే ఉద్యోగం అతనిది. అయినా ఆగాడు. శాతాలు గుంపు సంగతి చెప్తాయి గానీ ఒక్కో మనిషి సంగతి చెప్పవు. తర్వాత అతనికి ఎవరి దగ్గర చీవాట్లు పడ్డాయో నాకు తెలియదు, ఆ ఆలోచన మాత్రం అప్పుడప్పుడూ గుచ్చుతూ ఉంటుంది. తొందరను జనం మీద రుద్దే పనులూ ఉద్యోగాలూ పెరుగుతుంటే, సాయం తగ్గిందని మనుషుల గుణాన్ని ఆడిపోసుకోవడం నాకు న్యాయంగా అనిపించదు.

ఇక నా వాదనకి అన్నిటికంటే గట్టి అభ్యంతరం నాలోనే ఉంది. నాకు దొరికిన సాయం అందరికీ దొరుకుతుందా? నేను నడివయసు ఆడమనిషిని, శుభ్రమైన బట్టల్లో ఉన్నాను, చేతిలో కారు తాళం పోగొట్టుకునే స్థాయి నాది. అదే వానలో, అదే జాలీ ముందు మాసిన బట్టల్లో ఒక కుర్రాడు వంగి చెయ్యి లోపల పెట్టి ఉంటే, పెద్దాయన గొడుగు తెచ్చేవారా, లేక అక్కడేం చేస్తున్నావురా అని గద్దించేవారా? నిజం చెప్పాలంటే రెండోదానికే అవకాశం ఎక్కువ. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టు అభిమానుల మీద చేసి 2005లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్ని మొహమాటం లేకుండా చెప్తుంది. పరుగెడుతూ జారిపడ్డ మనిషి తమ జట్టు చొక్కా వేసుకుని ఉంటే 13 మందిలో 12 మంది ఆగి సాయం చేశారు. ప్రత్యర్థి లివర్‌పూల్ చొక్కా అయితే 10 మందిలో ముగ్గురే. అంత తేడా ఒక్క చొక్కాతో వచ్చింది.

కానీ ఆ అధ్యయనానికి రెండో భాగం ఉంది. ఈసారి ముందుగా వాళ్ల జట్టు గురించి కాకుండా, ఫుట్‌బాల్ అభిమానులుగా వాళ్ల గురించి మాట్లాడించారు. అప్పుడు లివర్‌పూల్ చొక్కా మనిషికి కూడా 10 మందిలో ఏడుగురు సాయం చేశారు. మామూలు చొక్కా వేసుకున్నవాడికి మాత్రం తొమ్మిది మందిలో ఇద్దరే. అంటే “మనవాడు” అన్న గీత చెరిగిపోలేదు, కాస్త అవతలికి జరిగింది. ఈ మాట నాకు ఆశనీ కలిగిస్తుంది, భయాన్నీ కలిగిస్తుంది. అందుకే అడిగితే చాలు ఇస్తారని అందరికీ ధీమాగా చెప్పలేను. ఎవరు అడుగుతున్నారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. కొందరు గొంతు తగ్గించి, దూరంగా నిలబడి, రెండుసార్లు క్షమించమని అడగాల్సి వస్తుంది. ఆ అదనపు శ్రమ నాకు లేకపోవడం నా గొప్పతనమేమీ కాదు.

సాయం పొందినవాళ్లు ఇంకొకరికి చేస్తారు, అలా మంచితనం గొలుసులా సాగుతుందని ఇంకో తియ్యటి మాట ఉంది. నేను దాన్ని కూడా పూర్తిగా నమ్మను. 2014లో వచ్చిన ఒక పరిశోధనలో జనం తమకి దక్కిన ఔదార్యం కంటే, తమకి ఎదురైన స్వార్థాన్నే ఇంకొకరి మీదకి ఎక్కువగా బదిలీ చేశారు. గొలుసు సాగకపోయినా ఫర్వాలేదంటాను. ఆ రోజు గుత్తి చేతికొచ్చింది, అక్కడికి ఆ పని పూర్తయింది. ప్రతి సాయమూ లోకాన్ని మార్చాలనడం ఆ చిన్న పని మీద మోయలేని బరువు పెట్టడమే. పొందినవాళ్ల మీద కూడా. రుణం తీర్చుకోలేని చోట ఒక థాంక్స్ చెప్పి నిశ్చింతగా ఇంటికి వెళ్లిపోవడం కూడా నేర్చుకోవాల్సిన విషయమే. నాకింకా పూర్తిగా అలవాటు కాలేదు.

చివరగా, ఈ మాట ఎవరితో అన్నా వచ్చే ప్రశ్న ఒకటి: ఫోన్ ఇస్తే పట్టుకుని పారిపోతే? ఖాతాలో డబ్బు ఊడ్చేస్తే? భయం అర్థం లేనిదేమీ కాదు, ఫోన్ అంటే ఇప్పుడు పర్సు, బీరువా, ఆల్బమ్ అన్నీ కలిపి. బస్‌స్టేషన్‌లో ఆ పెద్దావిడ చూపించినంత ధైర్యం నాకు లేదు. అందుకని ఎవరైనా అడిగితే ఫోన్ చేతికివ్వను, నంబరు చెప్పించుకుని నేనే కలిపి, స్పీకర్ ఆన్ చేసి వాళ్ల ముందు పట్టుకుంటాను. అవతలివాళ్లు ఎత్తకపోతే పేరుతో ఒక మెసేజ్ కూడా పెడతాను, మా అమ్మలాంటివాళ్లు చాలామందే ఉంటారు కాబట్టి. ఇంతవరకూ ఎవరూ నొచ్చుకోలేదు. మొన్న ఒకాయన మాత్రం ఆలస్యం ఎందుకైందో వాళ్లావిడకి సంజాయిషీ మొత్తం అలా స్పీకర్‌లోనే చెప్పుకోవాల్సి వచ్చింది. ఆవిడ ఒక పట్టాన నమ్మలేదు. చివరికి, “పక్కన ఎవరో ఉన్నారన్నారుగా, వాళ్లకివ్వండి ఫోన్” అంది. సాక్ష్యం కూడా నేనే చెప్పాను.